తాళాలు తిరిగి తీసుకున్న రోజు

గత నెల ఒక ఉదయం మా చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ నా చేతిలోని సెస్నా 172 శిక్షణ విమానం తాళాలు తీసేసుకుని, ఆనాటి పట్టికలో నా పేరు కొట్టేశారు. రెండు రోజులుగా జలుబుతో చెవులు దిబ్బళ్లు వేసి ఉన్నా ఎవరికీ చెప్పకుండా నేను ఫ్లైటుకు సిద్ధమయ్యాను. ఆయన గొంతు పెంచలేదు. "నువ్వు చదువు చెప్పడానికి రావడం లేదు, గంటలు పోగేసుకోవడానికి వస్తున్నావు" అన్నారు, అంతే. ఆ మాట నన్ను ఇంకా వదలలేదు.

అందులో నిజం ఉంది. అరిజోనాలోని మా ఫ్లయింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్‌కు నెల జీతం లేదు, పాఠం చెప్పిన గంటలకే డబ్బు. విమానం నడిచిన సమయాన్ని లెక్కపెట్టే, ప్యానెల్ మీది హాబ్స్ మీటరులో ఆరు నిమిషాలకొక అంకె మారుతుంది. విద్యార్థి విమానాన్ని దింపుతుండగా నా చూపు ఆ అంకె మీదికి పోయిన రోజులున్నాయని రాయడానికి సిగ్గుగా ఉంది. దుమ్ముగాలి లేచిన రోజు సంపాదన సున్నా. తెనాలి బ్యాంకులో మాత్రం ప్రతి నెలా 5వ తేదీకి నా శిక్షణ అప్పు వాయిదా 64 వేలు జమ కావాలి. తీసుకున్నది 48 లక్షలు. శిక్షణ కాలంలోనూ, ఆ తర్వాతి ఏడాదిలోనూ పెరిగిన వడ్డీ అసలులో కలిసింది. 15 ఏళ్లు కట్టేసరికి మొత్తం కోటి దాటుతుంది.

ఆ కాగితాల మీద నా సంతకం పక్కన నాన్న సంతకం ఉంది, ఇంటి దస్తావేజులు తాకట్టులో ఉన్నాయి. నాతో పనిచేసే అమెరికన్ కుర్రాళ్లకూ పెద్ద అప్పులే ఉన్నాయి, కొందరికి తల్లిదండ్రులే పూచీ. అయితే విమానం నడిపిన సమయం 1500 గంటలు పూర్తయితే వాళ్లకు ఇక్కడి ఎయిర్‌లైన్లలో దారి ఉంది. నాకు ఓపీటీ కింద, అంటే విదేశీ విద్యార్థి చదువయ్యాక ఇక్కడ పనిచేసుకునే అనుమతి కింద, ఉన్నది 12 నెలల గడువు. ఆ తర్వాత ఇంటికి వెళ్లి, మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పేపర్లు ఒక్కొక్కటి 70 శాతంతో గట్టెక్కి, లైసెన్సు మార్పించుకుని, ఎ320 రకం ప్రయాణికుల విమానం నడిపే అర్హత, అంటే టైప్ రేటింగ్ కోసం మళ్లీ లక్షలు వెతుక్కోవాలి. 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు వేల గంటలు నడిపిన పైలట్లే రోడ్డున పడ్డారు. ఇవన్నీ మా చీఫ్‌కు తెలియవు కదా అని ఆ రోజంతా నాలో నేను వాదించుకున్నాను. ఇల్లు తాకట్టులో లేని మనిషికి జలుబు చేస్తే పడుకోవడం తేలికే అనుకున్నాను.

సాయంత్రం ఆయనే పిలిచి కూర్చోబెట్టారు. ఒక ప్రమాదం గురించి చెప్పారు. 2009లో అమెరికాలోనే బఫెలో దగ్గర విమానం కూలి 50 మంది చనిపోయారు. కెప్టెన్ చేసిన పొరపాటే ప్రధాన కారణమని విచారణలో తేలింది. కానీ పక్కన కూర్చున్న సహ పైలట్ ముందు రాత్రంతా సియాటిల్ నుంచి ప్రయాణించి వచ్చింది, జలుబుతో ఉంది, ఆమె జీతమూ చాలా తక్కువ. ఇక్కడి కుర్రాళ్లు పోగేసుకుంటున్న ఆ 1500 గంటల నిబంధన ఆ ప్రమాదం తర్వాత వచ్చినదే. ఇదంతా చెప్పి, అప్పు ఎంతని ఆయన అడిగారు. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. చెవులు తగ్గేదాకా విమానం ఎక్కకుండా గదిలో చెప్పే గ్రౌండ్ క్లాసులు నన్నే చెప్పమన్నారు, గంటకు అదే రేటు.

ఆ పెద్దమనిషి మీద నా కోపం అక్కడితో పోయింది. మా ఊళ్లో ఎన్ని గంటలయ్యాయి, ఉద్యోగం ఎప్పుడు, జీతమెంత అని అడిగినవాళ్లే తప్ప, ఒంట్లో బాగాలేకపోతే ఎగరకురా అన్నవాళ్లు లేరని మనసు కష్టపెట్టుకున్నాను కూడా.

అయినా ఆ నెల తొమ్మిది వేలు తక్కువపడ్డాయి. ఇక్కడ రాత్రి, అక్కడ పొద్దున్న, నాన్నకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. బ్యాంకు వాళ్లు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారట, నాకు చెప్పలేదు. "అది నేను చూసుకుంటాలేరా" అని, "చెవి ఏ వైపు నొప్పి?" అని అడిగారు.