మల్లె సెంటు తొలి పది నిమిషాలు నమ్మకండి

మాల్‌లో ఏసీ కింద మణికట్టు మీద కొట్టి చూసిన మల్లె సెంటు, బయటికొచ్చి ఆటో ఎక్కేసరికి వేరే సెంటు అయిపోతుంది. చల్లటి గదిలో మెల్లగా విచ్చుకోవాల్సింది మే నెల ఎండ తగలగానే ఒక్కసారి పొంగుతుంది. విశాఖ ఉక్కలో పూల సెంటు కొనేవాళ్లు బిల్లు వేయించే ముందు ఒకసారి బయటికి నడిచి రావాలి. ఆర్కే బీచ్ దాకా అక్కర్లేదు, పార్కింగ్ దాకా చాలు.

కొట్టగానే ముక్కుకు తగిలేది స్పిరిట్టే. అర నిమిషం ఆగి వాసన చూడండి. అప్పుడొచ్చేవి నిమ్మ, బెర్గమాట్ (నిమ్మజాతి పండు) లాంటి తేలికపాటివి. అణువు చిన్నది కాబట్టి ముందు ఎగిరిపోతుంది. పది పదిహేను నిమిషాల ఆయుష్షు, చెమట పట్టిన చర్మం మీద అంతకూడా ఉండదు. కౌంటర్ దగ్గర మనల్ని పడగొట్టేది మాత్రం ఈ కాసేపే.

అసలు పువ్వు ఆ తర్వాత వస్తుంది. మల్లె వాసనంటే ఒక్క పదార్థం కాదు. బెంజైల్ ఎసిటేట్ పండిన అరటిపండు ఛాయ ఇస్తుంది. లినలూల్ వల్ల తాజాదనం. మిథైల్ ఆంత్రనిలేట్‌ది ద్రాక్ష చాక్లెట్ తీపి. వీటి వెనక ఇండోల్ ఉంటుంది. విడిగా చూస్తే కలరా ఉండల వాసన, చిటికెడు పడితే పువ్వుకి ప్రాణం. రాత్రంతా జడలో ఉన్న దండ తెల్లారి తలగడ మీద వదిలే మగ్గిన బరువు వాసన తెలుసు కదా, అందులో దీని వాటా ఉంది. ఇండోల్ బొత్తిగా లేని మల్లె సెంటు సబ్బులా ఉంటుంది. ఎక్కువైతే ఈ తేమలో, కిక్కిరిసిన సిటీ బస్సులో పక్కవాళ్లకి తల తిరుగుతుంది. పగటికి హెడియోన్ అనే మల్లె వాసన రసాయనం ఎక్కువున్న రకం మేలు. గాలాడే చోట పూసిన మల్లెలా తేలిగ్గా ఉంటుంది. 1966లో సెంట్లు కూర్చే ఎడ్మండ్ రుడ్నిట్‌స్కా డియోర్ వారి ‘ఓ సోవాజ్’ సెంటులో వాడాక దానికి పేరొచ్చింది.

పెట్టె మీద జాస్మిన్ అని రాసినంత మాత్రాన మన మల్లె అనుకోకూడదు. ‘సాంబాక్’ అని ఉంటే మల్లె, ‘గ్రాండిఫ్లోరమ్’ అని ఉంటే జాజి. జాజి వెచ్చగా, పండు తీపితో ఉంటుంది. మల్లెలో పచ్చిదనం ఎక్కువ, చైనావాళ్లు టీ ఆకుకి పట్టించేది ఈ పువ్వునే. ఆవిరి వేడికి మల్లె వాసన చెడుతుంది కాబట్టి హెక్సేన్ అనే ద్రావకంతో తీస్తారు. మైనంలాంటి ముద్ద వస్తుంది, దాన్ని ఆల్కహాల్‌తో కడిగితే అబ్సొల్యూట్ అనే చిక్కటి ద్రవం మిగులుతుంది. కన్నౌజ్ అత్తరువాళ్లది వేరే దారి: పువ్వుని నీళ్లలో ఉడికించి ఆ ఆవిరిని గంధపు నూనెలోకి దించుతారు. పువ్వు పోయాక కూడా చేతి మీద ఉండేది ఆ గంధమే. సింహాచలం అప్పన్న చందనం వాసన ఎరిగినవాళ్లు ఆ పాలమీగడ మెత్తదనాన్ని ఇట్టే పట్టేస్తారు.

చివరికి మిగిలేవి గంధం, కస్తూరి రకాలు, వెనీలా. అణువులు బరువైనవి, మర్నాటి దాకా బట్టని వదలవు. గంట తర్వాత వాసనే రావట్లేదని సీసాని తిట్టుకునేవాళ్లు చాలామంది. చాలాసార్లు అలవాటు పడింది మన ముక్కే. కాసేపు బయట తిరిగొచ్చి చూడండి, లేదా ఇంట్లోవాళ్లని అడగండి. కొన్ని కస్తూరి రకాలు కొందరి ముక్కుకి పుట్టుకతోనే అందవు కూడా.

పరీక్షించే రోజు వాసన లేని సబ్బుతో స్నానం చేసి, మోచేతి మడతలో ఒక్కసారి, జానెడు దూరం నుంచి కొట్టండి. మణికట్టు కన్నా అదే నయం, చేతులు కడిగినా పోదు. రెండు చేతులూ కలిపి రుద్దొద్దు, ఆ వేడికి పైపై వాసన తొందరగా ఎగిరిపోతుంది. అర నిమిషానికి, అరగంటకి, నాలుగు గంటలకి వాసన చూడండి. ఒక పూట మూడు రకాలకి మించితే ముక్కు మొద్దుబారుతుంది. కౌంటర్ మీద పెట్టే కాఫీ గింజలు ఇంకో ఘాటు వాసన తగిలిస్తాయి, అంతే. సొంత చొక్కా చేయి వాసన చూసుకుంటే చాలు. చర్మం పొడిగా ఉన్నవాళ్లకి సెంటు నిలవదు. ముందుగా వాసన లేని క్రీమ్ పల్చగా రాసుకుంటే తేడా తెలుస్తుంది.

ఎండలోకి వెళ్లేటప్పుడు మెడ మీద కొట్టుకోకండి. ఎండకి చర్మాన్ని కందించే బెర్గాప్టెన్ అనే పదార్థం తీసేయని బెర్గమాట్ నూనె పడ్డచోట ఎండ తగిలితే గోధుమరంగు మచ్చ పడుతుంది, నెలల తరబడి పోదు.

సీసాని స్నానాలగదిలోనూ, కారు డ్యాష్‌బోర్డు మీదా ఉంచొద్దు. బీరువా అడుగు అర మంచిది. తెల్ల పూల సెంటు నాళ్లు గడిచేకొద్దీ నారింజ, గోధుమరంగుల్లోకి తిరిగితే కంగారు వద్దు: ఆంత్రనిలేట్, ఇండోల్ రెండూ సెంటులోని ఆల్డిహైడ్లనే వాసన పదార్థాలతో కలిసి రంగు తేలతాయి, వెనీలా ఉంటే మరీను. కొట్టగానే పులిసిన వాసన వస్తేనే పాడైనట్టు. ఆ రంగు తెల్ల చొక్కాకీ, పట్టుచీరకీ అంటితే వదలదు. స్పిరిట్ ముత్యాల మెరుపునీ తినేస్తుంది. అందుకని ముందు సెంటు, అది ఆరాక చీర, ఆఖర్న నగలు.