పప్పుగుత్తి థ్రాటిల్

బరంపురంలో పొద్దున్నుంచి ఒకటే ముసురు, గోపాల్‌పూర్ వైపు ఆకాశం నల్లగా కిందకి దిగిపోయింది. సెలవులకొచ్చి నాలుగు రోజులు, పుస్తకం ముట్టలేదు. కరెంటు పోయింది కదా అని ఫోన్ పక్కన పడీసి ఫ్లయింగ్ నోట్‌బుక్ తీస్తే సిగ్గేసింది. మూడు వారాలుగా ప్రతి సార్టీ, అంటే ఎగిరిన ప్రతి ట్రిప్పు కిందా ఒకటే ముక్క, "లాండింగ్ ఇంప్రూవ్ అవ్వాలి". అయిందని నీకెలా తెలుస్తుందమ్మా అని మా ఇన్‌స్ట్రక్టర్ సార్ ఒకసారి అడిగారు కూడా, నవ్వీసి ఊరుకున్నా.

మామ్మ పక్కనే కూకుని చింతపండు గింజలు తీస్తంది. "నీ చదువు ఎప్పటికవుద్దే?" అంది. కమర్షియల్ లైసెన్స్‌కి 200 గంటలు ఎగరాలి మామ్మా, 38 అయ్యాయి అన్నా.

"గంటలు నిండితే వొచ్చీసినట్టేనేటి? మీ తాత నలబై ఏళ్ళు సైకిల్ తొక్కాడు, ఒక్కనాడూ తిన్నగా దిగలేదు."

విమానం ఎక్కని మనిషి నా జబ్బు పట్టీసింది.

అసలు నా లాండింగ్ పాడయ్యేది రన్‌వే మీద కాదు, అంతకు ముందే. మా సెస్నా 172 విమానం ఫైనల్‌లో, అంటే రన్‌వేకి తిన్నగా దిగొచ్చే చివరి ముక్కలో, 65 నాట్స్ స్పీడు ఉండాలి, నేను 75తో వస్తా, ఆ స్పీడుతో ఫ్లేర్ చేస్తే, అంటే నేల తాకేముందు ముక్కు కొంచెం పైకెత్తితే, విమానం దిగకుండా తేలుతూ పోతుంది, నేను కంగారుపడి ముక్కు కిందకి తోస్తా, అది గెంతుతుంది. ఫుల్ ఫ్లాప్ (నెమ్మదిగా దిగడానికి రెక్కల వెనక దించే పలకలు) వేశాక ట్రిమ్ (స్టీరింగ్ మీద బరువు తీసే చక్రం) మర్చిపోయి చేత్తోనే బలవంతంగా పట్టుకుంటున్నా, కన్నేమో రన్‌వేకే అతుక్కుపోయుంటుంది, ఇంక స్పీడెవరు చూస్తారు. ఇదంతా తెలీక కాదు, రాసుకోలేదంతే.

ఆ ముక్క కొట్టీసి ఇలా రాశా: వెళ్ళగానే మొదటి సార్టీలో 6 సర్క్యూట్లు (ఎగిరి, రన్‌వే చుట్టూ తిరిగి దిగడం), అందులో 5 సార్లయినా ఫైనల్‌లో 65కి అయిదు అటూ ఇటూ దాటకూడదు. ఫ్లాప్ వెంటనే ట్రిమ్. 300 అడుగులకొచ్చేసరికి స్పీడ్ కుదరకపోతే సార్ నోరు తెరవకముందే గో అరౌండ్, దిగకుండా మళ్ళీ పైకి. మెత్తగా దిగానా లేదా అన్నది ఆ రోజు లెక్కలోకి రాదు. ఈ చివరిది రాయడానికే చెయ్యాడలేదు, ఎందుకంటే కిందనున్న బ్యాచ్‌మేట్లు చూసేది అదొక్కటే.

"మెట్ (వాతావరణం సబ్జెక్టు) చదవాలి" అన్నది కూడా కొట్టీశా. రోజుకొక భువనేశ్వర్ ఎయిర్‌పోర్ట్ మెటార్ (కోడ్‌లో ఉండే వాతావరణం రిపోర్టు), పుస్తకం చూడకుండా తమ్ముడికి తెలుగులో చెప్పాలి. పరీక్షలో 70 శాతానికి పాస్, వీడు బుర్రూపడం అంతకన్నా కష్టం.

తర్వాత కిటికీ ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఎడం చేతిలో స్టీరింగ్‌కి బదులు పళ్ళెం, కుడి చేతిలో ఇంజిన్ పవర్ మార్చే థ్రాటిల్‌కి బదులు పప్పుగుత్తి. డౌన్‌విండ్ (రన్‌వే పక్కనుంచి వెనక్కెళ్ళే ముక్క), పవర్ 1500, ఫ్లాప్ 10, ట్రిమ్... మామ్మ గింజలు మానీసి నన్నే చూస్తంది. నాలుగో రౌండు, 300 అడుగుల్లో ఉన్నా, అమ్మొచ్చి థ్రాటిల్ లాక్కుపోయింది. పప్పు మెదపాలంట.