రాజగిరి ఎక్కడానికి మాకు రెండు రోజులు పట్టింది

తమిళనాడులోని జింజి కోట చూడాలన్నది మా పెదనాన్న చిన్ననాటి కోరిక. ఆయనకిప్పుడు 71 ఏళ్ళు. ఒంగోలు దగ్గర పల్లెలో బుర్రకథ వాళ్ళు చెప్పిన, జింజిని ఏలిన దేశింగురాజు కథ విన్నప్పటినుంచీ ఆ కోట ఆయన మనసులో నిలిచిపోయింది. చెన్నైలో మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ "ఆ ఊరు ఇక్కడికి దగ్గరే కదమ్మా" అనేవారు. నేను కోడంబాక్కంలో కాపురం పెట్టి పద్దెనిమిదేళ్ళు దాటినా తీసుకువెళ్ళలేదు. మొన్న జనవరిలో, ఎండలు ముదరకముందే, ఇద్దరం బయలుదేరాం.

మొదటి రోజు పొరపాటు పూర్తిగా నాదే. నూట యాభై కిలోమీటర్లే కదా అని తీరుబడిగా టిఫిను తిని తొమ్మిదిన్నరకు ఇల్లు వదిలాను. దక్షిణం వైపు వెళ్ళే దూరపు బస్సులు ఇప్పుడు కిళాంబాక్కం నుంచి కదులుతాయి. అక్కడికి చేరడానికే గంటన్నర పట్టింది. తిరువణ్ణామలై బస్సెక్కి, తిండివనం మీదుగా వెళ్ళి జింజిలో దిగాలి. బస్సుల మీద 'సెంజి' అని ఉంటుంది, జింజి అని అడిగితే కొందరు కండక్టర్లకు అర్థం కాదు. ఊరి నుంచి కోటకు ఆటోలో వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండున్నర అయింది.

కాపలా మనిషి పెదనాన్న చేతికర్రను చూశాడు. మూడు దాటితే కోట కొండల్లో అన్నిటికన్నా ఎత్తైన రాజగిరి మీదికి ఎవరినీ పంపరని, ఈ వేళప్పుడు మొదలుపెడితే దిగేసరికి చీకటి పడుతుందని తమిళంలో మర్యాదగానే చెప్పాడు. నేను అనువదించనవసరం లేకుండానే పెదనాన్నకు అర్థమైంది. ఆయన ఏమీ అనలేదు. తలెత్తి కొండ కొనను చూస్తూ నిలబడ్డారు. ఆ మౌనానికి నా గుండె కలుక్కుమంది. "ఈ రాత్రి ఇక్కడే ఉందాం పెదనాన్నా, రేపు ఎక్కుదాం" అన్నాను. మార్చుకోవడానికి బట్టలు కూడా తెచ్చుకోలేదు.

మిగిలిన పొద్దంతా కింది కోటలో తిరిగాం. నిజానికి ఆ పూట దొరకడం మేలైంది, ఎందుకంటే పైకెక్కి దిగినవాళ్ళకు కింది కట్టడాలు చూసే ఓపిక ఉండదు. కల్యాణ మహల్ అంతస్తుల మీద అంతస్తులుగా గోపురంలా లేస్తుంది. పక్కనే పెద్ద ధాన్యాగారం. కాస్త దూరంలో వేంకటరమణస్వామి ఆలయం ఉంది. విజయనగరం కింద ఇక్కడ పాలించిన నాయకుల కాలపు గుడి అది. పుదుచ్చేరి సముద్రతీరంలో గాంధీ విగ్రహం చుట్టూ ఉన్న రాతి స్తంభాలు జింజి నుంచి ఫ్రెంచివాళ్ళు తీసుకువెళ్ళినవేనంటారు. వాటి పక్కన నిలబడి నేను ఎన్నో ఫొటోలు తీసుకున్నాను. ఏ గడ్డ మీద నుంచి తరలిపోయాయో ఆ గడ్డ మీద నిలబడితే మాత్రం ఫోను బయటికి తీయాలనిపించలేదు.

రెండు లుంగీలు, ఒక నైటీ కొనుక్కుని రాత్రి లాడ్జిలో గడిపాం. మర్నాడు టిక్కెట్ల కిటికీ తెరవకముందే వెళ్ళి నిలబడ్డాం.

రాజగిరి ఎత్తు సుమారు 800 అడుగులు. పెదనాన్న ఒక పద్ధతి పెట్టారు: యాభై మెట్లు ఎక్కాలి, కూర్చోవాలి, రెండు గుక్కల నీళ్ళు తాగాలి. మెట్లు ఒక్కోటి ఒక్కో ఎత్తు. మోకాళ్ళకు ఎక్కడమే కష్టమనుకుంటాం గానీ, ఎగుడుదిగుడు రాళ్ళ మీద దిగేటప్పుడే అసలు పరీక్ష. కోతుల బెడద ఎక్కువ. తినే వస్తువు చేతిలో కనిపిస్తే లాక్కుపోతాయి, అందుకని అరటిపళ్ళు ఆటోలోనే తినేశాం.

కూర్చున్న ప్రతిచోటా ఆయన కథ అందుకున్నారు. కప్పం కట్టనన్న యువకుడు దేశింగు, 1714లో ఆర్కాటు నవాబు సైన్యానికి ఎదురువెళ్ళి ప్రాణమిచ్చాడు. ప్రాణస్నేహితుడైన ముస్లిం యోధుడు పెళ్ళిపందిట్లోంచి లేచి వచ్చి అతని పక్కన పోరాడాడని కథ చెబుతుంది. ఆ ఘట్టం దగ్గర పెదనాన్న గొంతు ఇప్పటికీ జీరబోతుంది.

శిఖరానికి కాస్త ముందు కొండ రెండుగా చీలి లోతైన అగాధం ఉంది. దాన్ని దాటించేది ఒక చిన్న వంతెన. పూర్వం ఇక్కడ ఎత్తివేసే వంతెన ఉండేదట. దాన్ని లాగేస్తే పైవాళ్ళను చేరే దారే లేదు. 1677లో శివాజీ ఈ కోటను పట్టాడు. తరువాత అతని కొడుకు రాజారాం ఇందులో తలదాచుకుంటే, మొగలు సైన్యం 1690 నుంచి 1698 దాకా ముట్టడించవలసి వచ్చింది. అప్పటికి రాజారాం తప్పించుకుపోయాడు. అంతటి కోటను 1750లో ఫ్రెంచివాళ్ళు ఒక్క రాత్రిలో పట్టుకున్నారు. ఆ వంతెన మీద నిలబడి కిందికి చూస్తే ఎనిమిదేళ్ళ ముట్టడిని నమ్మగలిగాను, ఒక్క రాత్రిని నమ్మలేకపోయాను. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన పన్నెండు మరాఠా కోటల్లో మహారాష్ట్ర బయట ఉన్నది ఇదొక్కటే.

పైన రంగనాథస్వామి గుడి దగ్గరకు చేరేసరికి పదకొండున్నర. ఎదురుగా కోటలోని మరో కొండ కృష్ణగిరి, కొండల మధ్య పాములా పాకిన గోడలు. పెదనాన్న చెప్పులు విడిచి గడప పక్కన చాలాసేపు కూర్చున్నారు. నేను పలకరించలేదు.

దిగడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆయన కాళ్ళు వణుకుతున్నాయి, ఇక బస్సెక్కిద్దామనుకున్నాను. ఆయనే ఆటో అతన్ని "సింగవరం?" అని అడిగారు. జింజికి దగ్గరలోనే పల్లవుల కాలపు గుహాలయం, కొండను తొలిచి మలిచిన శయన రంగనాథుడు. దేశింగు యుద్ధానికి సెలవడిగితే స్వామి ఇష్టంలేక ముఖం పక్కకు తిప్పుకున్నాడని స్థానికుల నమ్మకం. గుడి తలుపు తెరిచేదాకా కాచుకుని, మళ్ళీ వందకు పైగా మెట్లెక్కాం, ఈసారి నా భుజం పట్టుకుని.

పూజారి హారతి ఎత్తి పట్టుకున్నాడు. ఆ వెలుగులో స్వామి తల ఒకపక్కకు ఒరిగి కనిపించింది. పెదనాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"వెళ్ళవద్దనే చెప్పాడమ్మా. పిల్లవాడు వినలేదు" అన్నారు.