హెయిర్‌పిన్ ఫిల్టర్‌కి మెష్ ఎంత పెట్టాలి? నా అనుభవం

ఎంటెక్ ప్రాజెక్టులో నాకు పడింది 2.45 గిగాహెర్ట్జ్ హెయిర్‌పిన్ ఫిల్టర్, అంటే ఆ చుట్టుపక్కల ఫ్రీక్వెన్సీలనే పోనిచ్చే సర్క్యూట్. 1.6 మిల్లీమీటర్ల మందం ఎఫ్‌ఆర్4 (గ్లాస్-ఎపాక్సీ) సర్క్యూట్ బోర్డు మీద యూ ఆకారంలో రాగి లైన్లు, రెండింటి మధ్య 0.3 మిల్లీమీటర్ల గ్యాప్. మొమెంట్ మెథడ్ (రాగిని ముక్కలు చేసి ఒక్కో ముక్కలో కరెంట్ లెక్కగట్టే పద్ధతి) సాఫ్ట్‌వేర్‌లో లేఅవుట్ గీయడం తొందరగానే అయిపోయింది. అసలు పంచాయితీ మెష్ దగ్గరే, అంటే రాగిని ఎంత చిన్న ముక్కలుగా (సెల్స్) కోయాలన్న దగ్గరే.

అందరూ చెప్పే లెక్క, తరంగదైర్ఘ్యానికి 20 సెల్స్. ఈ బోర్డు మీద మైక్రోస్ట్రిప్‌లో (పైన రాగి లైన్, కింద గ్రౌండ్) తరంగదైర్ఘ్యం దాదాపు 67 మిల్లీమీటర్లు. అంటే ఒక్కో సెల్ 3.3 మిల్లీమీటర్ల పైమాటే. 50 ఓమ్ లైన్ వెడల్పే 3 మిల్లీమీటర్లు! అడ్డంగా ఒక్క సెల్‌తో సరి. కానీ కరెంట్ లైన్ మధ్యలో పల్చగా, అంచుల్లో గుమిగూడి పోతుంది. ఒకే సెల్ ఉంటే ఆ తేడా ఎక్కడ తెలుస్తుంది? పైగా కప్లింగ్ (ఒక లైన్ నుంచి పక్క లైన్‌కి సిగ్నల్ దాటడం) నడిచేది ఎక్కువగా గ్యాప్ పక్క అంచుల్లోనే, బ్యాండ్‌విడ్త్ (ఫిల్టర్ పోనిచ్చే ఫ్రీక్వెన్సీల వెడల్పు) తేలేదీ అక్కడే. ఈ పద్ధతిలో గ్యాప్‌లో సెల్స్ ఉండవు, రాగి మీదే ఉంటాయి. అందుకే ఆ అంచు సెల్స్ గ్యాప్ కంటే సన్నగా ఉండాలి.

అలాగని మొత్తం సన్నగా కోస్తే? సెల్ సైజు సగం చేస్తే సెల్స్ 4 రెట్లు, మెమరీ 16 రెట్లు, డైరెక్ట్ సాల్వర్‌కి (సమీకరణాలన్నీ నేరుగా సాధించేది) టైమ్ 64 రెట్లు. 10,000 అన్‌నోన్స్‌కి (కనుక్కోవాల్సిన కరెంట్ విలువలు) మ్యాట్రిక్స్ ఒక్కటే 1.6 జీబీ, 40,000కి 25.6 జీబీ. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది 16 జీబీ. టెన్షన్ పడుతుంటే మా గైడ్ సార్, "గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకమ్మా, ఎడ్జ్ మెష్ పెట్టు" అన్నారు.

అంచుల్లో మాత్రం 0.1 మిల్లీమీటర్ వెడల్పు సెల్స్ పెట్టా. మెష్ ఫ్రీక్వెన్సీని (సెల్ సైజు లెక్కకి వాడే ఫ్రీక్వెన్సీ) స్వీప్‌లో, అంటే పరీక్షించే ఫ్రీక్వెన్సీల పరిధిలో, పై అంచుకి పెట్టి మిగతాది సాఫ్ట్‌వేర్‌కే వదిలేశా. తర్వాత అంచు సెల్‌ని సగం చేస్తూ సెంటర్ ఫ్రీక్వెన్సీ, 3 డీబీ బ్యాండ్‌విడ్త్ (పవర్ సగానికి పడే రెండు చోట్ల మధ్య వెడల్పు) మాత్రమే చూశా. మార్పు నాలుగైదు మెగాహెర్ట్జ్‌కి దిగగానే ఆపేశా. ఎఫ్‌ఆర్4 పర్మిటివిటీ (తరంగాన్ని ఎంత నెమ్మది చేస్తుందో చెప్పే గుణం) 4.4 బదులు 4.5 ఉంటే చాలు, ఫ్రీక్వెన్సీ దాదాపు 25 మెగాహెర్ట్జ్ జరిగిపోతుంది. బోర్డే అంత అటూఇటూ అవుతుంటే ఇంకా సన్నగా కోయడం నా దృష్టిలో కరెంటు దండగ.

చివరి రన్‌కి మాత్రం రాగి మందం (అప్పటిదాకా సున్నా అనుకున్నది) ఆన్ చేశా. 0.3 మిల్లీమీటర్ల గ్యాప్ పక్కన 35 మైక్రాన్లంటే పదో వంతు దాటింది మరి. అనుకున్నట్టే కప్లింగ్ కాస్త పెరిగింది. గ్యాప్‌ని ఇంకొంచెం వెడల్పు చేసి, గెర్బర్ ఫైల్స్ (బోర్డు తయారీకిచ్చే డ్రాయింగ్‌లు) పంపేశా.