ఉద్దానం కిడ్నీ రోగికి ఒకే మందుల పుస్తకం

కవిటి, సోంపేట, కంచిలి వైపు డయాలసిస్ చేయించుకునేవాళ్లలో కొందరికి షుగరు, గుండె జబ్బు కూడా ఉంటాయి. జబ్బుకో డాక్టరు, డాక్టరుకో చీటీ. ముప్పు అక్కడే ఉంది. కిడ్నీ దెబ్బతిన్నాక ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. పాత మోతాదే పొడిస్తే అర్ధరాత్రి షుగరు పడిపోతుంది. రక్తపరీక్షలో కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే లెక్క ఈజీఎఫ్ఆర్, అది 30 కంటే దిగితే షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపించాలి. మోకాళ్ల నొప్పికి వేసే డైక్లోఫినాక్ సూది మిగిలిన కాస్త కిడ్నీనీ పాడుచేస్తుంది.

అందుకే ఇంట్లో ఒకరు ఒక పుస్తకం పెట్టాలి. ప్రతి మందు, మోతాదు, రాసిన డాక్టరు, ఆపితే ఎందుకు ఆపారో. నాటుమందులు, షాపులో అడిగి కొన్నవి కూడా. వాటినే ఎక్కువమంది దాస్తారు, దయచేసి దాచకండి. ఎవరు కొత్త మందు రాసినా కిడ్నీ డాక్టరుకు చూపాకే మొదలుపెట్టడం మంచిది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉంది కాబట్టి ప్రతిసారీ విశాఖ పరుగెత్తక్కర్లేదు.

రోజూ పొద్దున్నే బరువు చూసి అందులోనే రాయండి. డయాలసిస్‌కీ డయాలసిస్‌కీ మధ్య రెండు, రెండున్నర కిలోలు దాటి పెరిగితే నీరు చేరుతున్నట్టే. ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి బీపీ పట్టీ, సూది వద్దని ఏ ఆసుపత్రిలోనైనా ముందే చెప్పాలి. కొబ్బరితోటల సీమలో చెప్పడం కష్టమే గానీ, కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, గుండె లయ తప్పుతుంది. డయాలసిస్ తప్పాక ఆయాసం, కాళ్ల నీరసం వస్తే 108కి చేసి, డయాలసిస్ రోగి అని మొదటే చెప్పండి.