నాలుగో అంతస్తు పలకరింపు

మేముండేది పోర్చుగల్‌లో, లిస్బన్‌ను ఆనుకుని ఉన్న అమదోరాలో, అయిదో అంతస్తులో. వచ్చిన కొత్తలో నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది లిఫ్టు. ఎవరెక్కినా "బోం దియ" అంటారు, పోర్చుగీసులో గుడ్ మార్నింగ్ అని. తిరిగి అనకపోతే ముఖం అదోలా పెడతారు. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌లో అయితే ఓ నవ్వు నవ్వి ఫోన్ చూసుకుంటే సరిపోయేది. ఇక్కడ మందుల షాపులోనైనా, డాక్టరు దగ్గర వెయిటింగ్ రూములోనైనా లోపలికి అడుగుపెడుతూనే అనాలి, అక్కడ ఒక్కరూ తెలియకపోయినా.

అదైనా తేలికే, వాళ్లేదంటే అదే తిరిగి అనేయడం. మధ్యాహ్నమైతే "బోఅ తార్ద్", చీకటి పడ్డాక "బోఅ నోయ్త్". పన్నెండు దాటినా కొందరు బోం దియ అనే అంటారు. ఇంకా భోజనం చేయలేదు కాబట్టి వాళ్లకింకా పొద్దున్నేనట! ఆ లెక్క నాకు భలే నచ్చింది. "భోంచేశారా?" అనే పలకరింపు మధ్య పెరిగినదాన్ని కదా.

చిక్కంతా "తూదు బైం?" దగ్గరే. అంతా బాగేనా అని. నాలుగో అంతస్తు పెద్దావిడ అలా అడిగితే, నిజంగానే అడిగారనుకుని, బాబుకి జలుబు, రాత్రంతా నిద్ర లేదు అంటూ వచ్చీరాని భాషలో మొదలుపెట్టేదాన్ని. ఈలోగా ఆవిడ అంతస్తు వచ్చేసేది. పాపం, తలుపు పట్టుకుని నిలబడి వినేది. ఓ రోజు మా ఏడేళ్లవాడు నా చెయ్యి గిల్లి, "అమ్మా, తూదు బైం అనేస్తే చాలు" అన్నాడు. ప్రశ్నా అదే, జవాబూ అదే!

నా వల్ల వాడికి అబ్బిన తప్పూ ఒకటుంది. బడిలో ఎవరేమిచ్చినా "ఒబ్రిగాద" అనేవాడు. పిల్లలు నవ్వారని ఏడుపుముఖంతో వచ్చాడు. థాంక్స్ చెప్పేది ఆడవాళ్లయితే ఒబ్రిగాద, మగవాళ్లయితే ఒబ్రిగాదు. వాడు విన్నది నా నోటి నుంచే మరి. తెలుగులో నేనన్నా వాడన్నా "వస్తాను" అనే కదా, నాకు తట్టనే లేదు. వాళ్ల నాన్న సంగతంటారా, ఆఫీసులో అంతా ఇంగ్లీషే. ఆయన థాంక్యూతో నెట్టుకొస్తున్నారు.

ఒక్కటి మాత్రం నేనే నేర్పా. పెద్దావిడతో కూడా ఫ్రెండ్స్‌తో అన్నట్టే "ఇ తు?" అనేవాడు. "అది 'మరి నువ్వు?' అన్నట్టురా. పెదనాన్నని నువ్వు అంటావా?" అన్నా. నాలుక కరుచుకున్నాడు. మర్నాటి నుంచి "ఇ అ సెన్యోర?" అంటున్నాడు.

మొన్న దానికి ఆవిడ తూదు బైం అనలేదు. "వాయ్-స అందాందు" అంది. ఏదో నడుస్తోంది అని. మా నాన్న ఫోన్లో అనే మాట అదే, ఆ గొంతూ అదే. కూరగాయల సంచి కింద పెట్టి మోకాలు రుద్దుకుంటోంది. నాలుగో అంతస్తు వచ్చింది. ఈసారి తలుపు పట్టుకుని నిలబడింది నేను. మావాడు వెనకనుంచి అయిదో నంబరు నొక్కుతూనే ఉన్నాడు.