చతుచక్ సంతలో అమ్మతో ఒక శనివారం

బ్యాంకాక్ వెళ్తున్నామని చెప్పగానే ఎక్కడ ఏం కొనాలో అందరూ చెప్పారు. శాకాహారులు ఏం తినాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. మా అమ్మకు శనివారం ఉల్లి, వెల్లుల్లి పనికిరావు. పైగా ఒంటిపూట. మధ్యాహ్నం ఒక్కసారే అన్నం తింటుంది. చతుచక్ సంతేమో శని, ఆదివారాల్లోనే పూర్తిస్థాయిలో జరుగుతుంది. ఆ ఒక్క పూట భోజనం సరిగ్గా దొరుకుతుందా అన్నదే నా టెన్షన్.

ముందురోజు రాత్రే హోటల్ రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయిని అడిగి ఒక కాగితం మీద థాయ్‌లో రాయించుకున్నాను: మాంసం, చేప, గుడ్డు, చేపల సాస్, ఆయిస్టర్ సాస్, రొయ్యల ముద్ద, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వద్దు అని. ఒట్టి ‘వెజ్’ అంటే అక్కడ సరిపోదు. తోటకూర లాంటి ఆకుకూర వేపుడులోనూ ఆయిస్టర్ సాస్ వేస్తారు. పచ్చి బొప్పాయి కోరు రోట్లో దంచి చేసే సోమ్ తమ్‌లో ఎండురొయ్యలు పడతాయి. మనలాంటి వాళ్ళు వెళ్తుంటే ఈ కాగితం పాస్‌పోర్ట్‌తో పాటే పెట్టుకోండి.

పొద్దున్నే మెట్రోలో కంఫేంగ్ ఫెట్ స్టేషన్‌లో దిగాం. మెట్లెక్కి బయటికి రాగానే సంతే. 15,000కు పైగా కొట్లు, 27 సెక్షన్లు. ఒకప్పుడు రాజభవనం దగ్గర సనామ్ లువాంగ్ మైదానంలో జరిగేదట, 1982లో ఇక్కడికి మార్చారు. మధ్యలో గడియార స్తంభం ఉంది. విడిపోతే దాని కింద కలుసుకుందామని అనుకున్నాం. ప్రతి కొట్టుకూ సెక్షన్ నంబరు, సందు నంబరు ఉంటాయి. నచ్చిన కొట్టు కనిపిస్తే ఆ బోర్డును ఫోటో తీసుకుంటూ వెళ్ళాను. అలా చేయకపోతే తర్వాత ఆ కొట్టును వెతికి పట్టుకోవడం నిజంగా కష్టం.

ఒక కొట్టులో అమ్మ నూలు సంచులు చూసింది. అమ్మే ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రం, అమ్మకు అసలే రాదు. మధ్యలో కాలిక్యులేటర్ ఉంది. ఆవిడ ఒక అంకె నొక్కింది, అమ్మ ఇంకో అంకె నొక్కింది. ఆవిడ నవ్వి నాలుగు వేళ్ళు చూపించింది, నాలుగు తీసుకుంటే ఆ ధరకు ఇస్తానని. విజయవాడ బీసెంట్ రోడ్డులో బేరమాడినట్టు గొంతు పెంచక్కర్లేదు. రెండు మూడు కలిపి కొంటే వాళ్ళే తగ్గిస్తారు. డబ్బు చేతికిచ్చాక ఆవిడ వేలాడుతున్న సంచులన్నిటికీ ఆ నోట్లను వరసగా తాకిస్తూ వెళ్ళింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని, “చూడవే, బోణీ మనదే!” అంది. ఆవిడకేసి తిరిగి రెండు చేతులూ జోడించింది. ఆవిడా జోడించింది. ఆ రోజు నాకు అన్నిటికన్నా ఎక్కువ సంతోషం కలిగించింది అదే.

పదకొండు దాటేసరికి రేకుల కింద ఉక్క భరించలేకపోయాం. కొబ్బరి పాలతో చేసిన ఐస్‌క్రీమ్‌ను కొబ్బరి చిప్పలోనే వేసి, పైన వేరుశనగలు చల్లి ఇచ్చారు. అడుగున లేత కొబ్బరి.

ఇక భోజనం. పసుపు రంగు మీద ఎర్రటి అక్షరాలున్న గుర్తు కోసం వెతికాం. మన కంటికి అది 17 అంకెలా కనిపిస్తుంది. దాన్ని ‘జే’ అంటారు. చైనా మూలాలున్న బౌద్ధుల ఆచారం ఇది. మాంసం, చేప, గుడ్డు, పాలతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధం. అచ్చం అమ్మ శనివారం నియమమే! పక్క వీధిలో ఒక చిన్న కొట్టుకు ఆ గుర్తు కనిపించింది. ట్రేలలో కూరలున్నాయి, మనం చూపించినవి అన్నం మీద వడ్డిస్తారు. పుట్టగొడుగులు, టోఫు, గుమ్మడికాయ పెట్టించాను. ఒక ట్రేలో సోయాతో చేసిన ముక్కలు అచ్చం మాంసంలాగే ఉన్నాయి. అమ్మ ప్లేటు వెనక్కి లాక్కుంది. కాగితం చూపిస్తే కొట్టు పెద్దాయన మొత్తం చదివి, సోయాబీన్ ప్యాకెట్ తెచ్చి చూపించాడు. అమ్మ ఆ కూర తినలేదు గానీ మిగతావన్నీ తృప్తిగా తింది, గుమ్మడికాయ రెండోసారి పెట్టించుకుంది.

సంతకు ఎదురుగానే ‘ఓ తో కో’ అనే మార్కెట్ ఉంది. పండ్లు కొనాలంటే అక్కడే కొనాలని నా అభిప్రాయం. ధర కాస్త ఎక్కువే కానీ ఒక్క పండూ చెడింది తగల్లేదు. మే నెల కాబట్టి మామిడి, మంగుస్తీన్, డ్యూరియన్ అన్నీ ఉన్నాయి. డ్యూరియన్‌ను మెట్రోలోకి రానివ్వరు, అక్కడే తినాలి. వాసన దాటితే లోపలి తొన మాగిన పనసలా మెత్తగా, మీగడగా ఉంటుంది. మామిడితో ఇచ్చే జిగురు బియ్యం అన్నాన్ని అమ్మ నాకు వదిలేసి పండు మాత్రం తింది.

సాయంత్రం అదే లైన్‌లో, రైలు మారకుండా, వాట్ మంగ్‌కాన్ స్టేషన్‌కు వెళ్ళాం. బయటికొస్తే చైనాటౌన్, దగ్గర్లోనే యావోరాత్ రోడ్డు. చీకటి పడగానే రోడ్డు పక్కనంతా పొయ్యిలు వెలిగాయి. అక్కడ ఎక్కువ భాగం చేపలు, మాంసం వంటకాలే, శాకాహారులకు ఇబ్బందే. అయినా నల్లటి గులకరాళ్ళలో వేయించిన చెస్ట్‌నట్స్, అప్పటికప్పుడు పిండిన దానిమ్మ రసం దొరికాయి. అమ్మ ఫలహారం వాటితోనే అయిపోయింది.

హోటల్‌కు వచ్చాక సంచులు లెక్కపెట్టి, మా పిన్నికి తక్కువయిందని అమ్మ గుర్తుచేసుకుంది. నేను తీసిన బోర్డు ఫోటో ఫోన్‌లో ఉంది. ఆదివారం పొద్దున మళ్ళీ కంఫేంగ్ ఫెట్‌లో దిగి, అదే కొట్టుకు వెళ్ళి, అదే ధరకు ఇంకో రెండు కొన్నాం.